అమ్మకం వేరు, వసూలు వేరు

సంపాదకులకు, నమస్కారం.

సొంతంగా చిన్న వ్యాపారం మొదలుపెట్టి నిలదొక్కుకున్నవారి గురించి మీ పత్రికలో తరచుగా కథనాలు వస్తున్నాయి. అలాంటి వ్యాపారాల జమాఖర్చులు రాయడమే నా వృత్తి కాబట్టి వాటిని ఒకటికి రెండుసార్లు చదువుతుంటాను. వాటిలో పట్టుదల ఉంటుంది, ఉద్యోగం వదులుకున్న రోజు ఉంటుంది, ఇంట్లోవాళ్లు వద్దని వారించిన సంగతి ఉంటుంది, చివర్లో ఇప్పుడు ఏటా ఇంత టర్నోవరు అన్న అంకె ఉంటుంది. ఆ తొలి ఏడాదిలో ఎవరి దగ్గరనుంచి డబ్బు ఎన్నాళ్లకు చేతికి వచ్చింది, అది వచ్చేదాకా పని ఏ డబ్బుతో నడిచింది అన్న విషయం మాత్రం ఎంత వెతికినా కనిపించదు. వ్యాపారం పెట్టాలనుకునే పాఠకులకు అన్నిటికంటే ముందు తెలియవలసింది అదేనని నా అభిప్రాయం. గిరాకీ లేక మూతపడే వ్యాపారాలు ఉన్నాయి, కాదనను. కానీ గిరాకీ ఉండి, పనితనం ఉండి, పుస్తకాల్లో లాభం కూడా కనిపిస్తూ ఉండగానే చేతిలో రొక్కం లేక ఆగిపోయేవి నా బల్ల మీదికి తరచుగా వస్తుంటాయి.

కొత్త వ్యాపారాలు నిలవడం కష్టమన్నది అందరికీ తెలిసిన మాటే అయినా ఎంత కష్టమో చెప్పడానికి ఒక లెక్క ఉంది. అమెరికా ప్రభుత్వ కార్మిక గణాంకాల సంస్థ ఏళ్ల తరబడి సేకరిస్తున్న వివరాల ప్రకారం, అక్కడ కొత్తగా మొదలైన సంస్థల్లో సుమారు ఐదో వంతు మొదటి ఏడాది లోపే కనుమరుగవుతున్నాయి, ఐదేళ్లు పూర్తయ్యేసరికి దాదాపు సగం మిగలడం లేదు. ఆర్థిక పరిస్థితి బాగున్న రోజుల్లోనూ బాగాలేని రోజుల్లోనూ ఈ నిష్పత్తిలో పెద్ద తేడా లేదు. మూతపడినవన్నీ దివాలా తీసినట్టు అనుకోనక్కరలేదు. కొందరు అమ్మేసుకుంటారు, కొందరు మరో పనికి మారతారు. అయినా ఆ సంఖ్యను చూస్తే ఒక ప్రశ్న తప్పదు. మంచి కాలమైనా చెడ్డ కాలమైనా ఒకే తీరున సగం పోతున్నాయంటే, కారణం బయటి గాలివానలో కంటే కొత్తదనంలోనే ఎక్కువగా ఉండాలి కదా?

అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఆర్థర్ స్టించ్‌కోంబ్ 1965లో ఈ కొత్తదనాన్నే ఒక భారంగా గుర్తించాడు. కొత్త సంస్థలో ప్రతి ఒక్కరూ తమ పని ఏమిటో అక్కడికక్కడే నేర్చుకోవాలి, ఒకరికొకరు పరిచయం లేనివారితో నమ్మకం మీద లావాదేవీలు నడపాలి, పాత సంస్థలకు ఉండే స్థిరమైన ఖాతాదారుల బంధం వీరికి ఉండదు అన్నది ఆయన వాదన. ఇందులో రెండో అంశాన్ని నేను రోజూ లెక్కల్లో చూస్తుంటాను. పరిచయం లేకపోవడం వల్ల కొత్త వ్యాపారికి సరుకు అరువు పుట్టదు. అదే పరిచయం లేకపోవడం వల్ల, ఆర్డరు ఇచ్చినవాళ్లు అరువు అడిగితే కాదనే ధైర్యమూ ఉండదు. కొనేచోట రొక్కం పెట్టాలి, అమ్మేచోట అరువు ఇవ్వాలి. ఈ రెండింటి మధ్య ఉన్న రోజులన్నిటినీ తన సొంత డబ్బుతో నింపాలి.

ఆ రోజుల ఖరీదు ఎంతో చాలామంది ముందుగా లెక్క వేసుకోరు. ఆర్డరు మీద సరుకు తయారుచేసి ఇచ్చే ఒక చిన్న సంస్థను ఊహించుకుందాం. నెలకు ఒక ఆర్డరు, దాని విలువ లక్ష. ముడిసరుకుకు 50 వేలు, కూలీకి 20 వేలు, అద్దె, కరెంటు, రవాణా కలిపి 10 వేలు. మిగిలేది 20 వేలు. కాగితం మీద చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. సరుకు నెలాఖరున అందజేస్తే కొనుగోలుదారు 60 రోజుల గడువులో చెల్లిస్తారు. ముడిసరుకు రొక్కానికే కొనాలి, కూలీ వారం వారం ఇవ్వాలి. మొదటి నెల 80 వేలు పోతాయి, వచ్చేదేమీ ఉండదు. రెండో నెలా అంతే. మూడో నెలా అంతే. మొదటి బిల్లు తాలూకు లక్ష చేతికి అందేది మూడో నెల చివరి రోజున. అంటే తొలి వసూలు కళ్లజూసే లోపల 2 లక్షల 40 వేలు బయటికి వెళ్లిపోయి ఉంటాయి.

ఆ లక్ష వచ్చాక కూడా లోటు లక్షా 40 వేలు ఉంటుంది. అక్కడినుంచి నెలకు 20 వేల చొప్పున తగ్గుతూ పదో నెల చివరికి సున్నాకు చేరుతుంది. ఆ పది నెలల్లో పుస్తకాల ప్రకారం వచ్చిన లాభం 2 లక్షలు. అది ఎక్కడుందని యజమాని అడిగితే, తొమ్మిదో నెల బిల్లు, పదో నెల బిల్లు కొనుగోలుదారు దగ్గర బాకీ ఉన్నాయి, ఆ రెండు లక్షలే మీ లాభం అని చెప్పాలి. ఈ జవాబు విని నమ్మలేనట్టు చూడని కొత్త యజమాని నాకు ఇంతవరకు తారసపడలేదు. నెల ఖర్చు 80 వేలే కదా, రెండు నెలలకు సరిపడా పెట్టుబడి ఉంటే చాలు అనుకుని లక్షా 60 వేలతో దిగినవారు మూడో నెల మొదట్లోనే ఆగిపోతారు. వారి దగ్గర ఆర్డరు ఉంటుంది, పనివాళ్లు ఉంటారు, రావలసిన బాకీ 2 లక్షలు ఉంటుంది. ముడిసరుకు కొనడానికి మాత్రం చేతిలో ఏమీ ఉండదు.

ఇప్పుడు అదే సంస్థకు నాలుగో నెలనుంచి ఆర్డర్లు రెండింతలయ్యాయని అనుకుందాం. పత్రికలో రాయదగిన విజయమే ఇది. కానీ ఖర్చులు కూడా రెండింతలై నెలకు లక్షా 60 వేలు పోతుంటే, రాబడి మాత్రం రెండు నెలల పాటు పాత ఆర్డర్ల లెక్కలోనే, నెలకు లక్ష చొప్పునే వస్తుంది. ఆరో నెల చివర, పెరిగిన ఆర్డరు తాలూకు మొదటి చెల్లింపు అందే ముందు, బయట ఉన్న డబ్బు 4 లక్షల 20 వేలకు చేరుతుంది. పని పెరగకపోయి ఉంటే 2 లక్షల 40 వేలతో ఆ లోటు అనే గొయ్యి దాటిపోయేది. నష్టానికి అమ్మలేదు, దుబారా చేయలేదు, పని బాగుందని పేరు వచ్చింది, ఆ పేరే పెట్టుబడిని మింగింది. కొత్త వ్యాపారి పెద్ద ఆర్డరును చూసి సంతోషించే ముందు, దాన్ని పూర్తిచేసి డబ్బు వచ్చేదాకా నడపగలిగిన రొక్కం ఉందా అని చూసుకోవాలి. లేకపోతే సగమే ఒప్పుకోవాలి, లేదా వద్దనాలి. వద్దనడం వ్యాపారంలో అన్నిటికంటే ఆలస్యంగా అబ్బే విద్య.

పైన వేసిన లెక్కలో ఒక ఖర్చును నేను కావాలనే వదిలేశాను. యజమాని ఇంటి ఖర్చు. తొలి రోజుల్లో దాదాపు అందరూ వదిలేసేది అదే. ముందు వ్యాపారం నిలబడనీ, తరవాత జీతం సంగతి చూద్దాం అంటారు. కానీ ఇల్లు ఆగదు కదా. నెలకు మిగిలే ఆ 20 వేలనూ ఇంటికి తీసుకుంటున్నారనుకుంటే, మొదటి వసూలు అందేలోపల లోటు 3 లక్షలవుతుంది, అది అందాక 2 లక్షలవుతుంది, ఆ తరవాత ప్రతి నెలాఖరునా సరిగ్గా 2 లక్షల దగ్గరే ఉండిపోతుంది. ఏడాదికీ అంతే, ఐదేళ్లకూ అంతే. వ్యాపారం ఉన్నంతకాలం ఆ 2 లక్షలు కొనుగోలుదారుల దగ్గరే తిరుగుతుంటాయి. దాన్ని అప్పు తెచ్చి పెట్టి ఉంటే వడ్డీ వేరే. ఇక్కడ ఎవరూ తప్పు చేయలేదు. ఇంత డబ్బు శాశ్వతంగా వ్యాపారంలో ఉండిపోవాలని మొదటి రోజున ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇంటి ఖర్చును లెక్కలోకి తీసుకోకపోవడంలో మరో ప్రమాదం ఉంది. తమ శ్రమకు వెల కట్టుకోనివారు సరుకు ధరను తక్కువగా కడతారు. తొలి ఖాతాదారులను తెచ్చుకోవాలన్న ఆరాటంలో పది శాతం తగ్గించి ఇవ్వడం చాలా మామూలు. లక్షకు 20 వేలు మిగిలేచోట పది శాతం తగ్గిస్తే మిగులు పది శాతం కాదు, సగానికి సగం తగ్గుతుంది. పాత మిగులు రావాలంటే పని రెండింతలు చేయాలి, పని రెండింతలైతే పైన చెప్పిన గొయ్యి కూడా లోతవుతుంది. పైగా తక్కువ ధరకు అలవాటైన ఖాతాదారు ధర పెంచిన రోజున ఉంటారో లేదో తెలియదు. ధర తగ్గించడం ఒక ఎత్తుగడగా పనికివచ్చే సందర్భాలు లేకపోలేదు, కానీ అది చేతినిండా రొక్కం ఉన్నవారు ఆడవలసిన ఆట.

ఈ సంగతులు మన కాలం కనిపెట్టినవేమీ కావు. ప్రతి లావాదేవీని జమలో ఒకసారి, ఖర్చులో ఒకసారి రాసే, వెనిస్ వర్తకులు పాటించే జంట పద్దుల పద్ధతిని లూకా పాచియోలి అనే గణితవేత్త 1494లో వివరించి అచ్చు వేయించాడు. వర్తకం సరిగా నడవడానికి మూడు కావాలని ఆయన అక్కడ చెబుతాడు. మొదటిది రొక్కం లేదా దానితో సమానమైన ఆస్తి, రెండోది లెక్కలు బాగా తెలిసినవాడు, మూడోది వ్యవహారమంతా జమ, ఖర్చుల క్రమంలో పెట్టుకోవడం. తన వృత్తిని రెండో స్థానంలో పెట్టి రొక్కాన్ని మొదట నిలిపిన ఆ గణితవేత్త నిజాయితీ నాకు నచ్చుతుంది. జంట పద్దుల పద్ధతిలో యజమాని పెట్టిన పెట్టుబడి కూడా వ్యాపారం ఆయనకు తీర్చవలసిన బాకీగానే రాస్తారు. యజమాని వేరు, వ్యాపారం వేరు అన్న మాటను పుస్తకంలో ప్రతి పేజీ గుర్తుచేయడానికి ఇంతకంటే మంచి మార్గం లేదు.

చట్టం ఆ మాటను ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. తోలు సరుకు, బూట్ల వ్యాపారం చేసే ఆరన్ సాలమన్ కేసులో బ్రిటన్ ప్రభువుల సభ 1896లో ఇచ్చిన తీర్పుతో, పద్ధతి ప్రకారం నమోదైన కంపెనీ, దాని వాటాలు దాదాపు అన్నీ ఒక్కరి చేతిలోనే ఉన్నా, ఆ మనిషికి వేరైన వ్యక్తిగా స్థిరపడింది. కంపెనీ అప్పులకు ఆయన ఇంటి ఆస్తిని పట్టుకోవడానికి వీల్లేదన్నారు. అయితే చిన్న వ్యాపారాల్లో ఎక్కువ భాగం కంపెనీగా నమోదు కాకుండా ఒక్కరి పేరు మీదే నడుస్తాయి. వారికి ఈ రక్షణ లేదు. వ్యాపారం చేసిన అప్పు ఇంటి గుమ్మం దాటి లోపలికి వస్తుంది. కంపెనీగా నమోదు చేసుకున్నా, అప్పిచ్చే బ్యాంకు యజమాని సొంత హామీ అడుగుతుంది కాబట్టి తొలి రోజుల్లో ఆ గోడ కాగితపు గోడే. అందుకే కనీసం ఖాతాలైనా వేరుగా ఉండాలంటాను. ఇంటికి, వ్యాపారానికి ఒకే బ్యాంకు ఖాతా వాడేవారి లెక్కలు రాసేటప్పుడు, ఒక్కొక్క పద్దు దగ్గర ఆగి ఇది సరుకు కొన్నదా, ఇంటికి కొన్నదా అని అడగడంతోనే సగం రోజు గడిచిపోతుంది. నాకు పోయే సమయం సంగతి అలా ఉంచండి, తమ వ్యాపారం లాభంలో ఉందో లేదో వారికే తెలియదు.

ఇక అసలు గడువు సంగతి. 60 రోజుల గడువు అంటే 60 రోజులకు డబ్బు వస్తుందని కొత్తవారు అనుకుంటారు. పెద్ద కొనుగోలుదారుల దగ్గర ఆ గడువు ఎలా నడుస్తుందో దగ్గరగా చూస్తే తప్ప తెలియదు. ఆర్డరు ఇచ్చే మనిషి వేరు, సరుకు దింపించుకునే మనిషి వేరు, బిల్లు పాసు చేసే మనిషి వేరు, డబ్బు పంపే మనిషి వేరు. బిల్లు మీద ఆర్డరు నంబరు లేకపోతే వెనక్కి వస్తుంది. ఉన్నా, సరుకు అందినట్టు గిడ్డంగి ఇచ్చిన చీటీలో సంఖ్య ఒకటి తేడా ఉంటే పక్కన పడుతుంది. పక్కన పడిన సంగతి ఎవరూ కబురు చేయరు. గడువు దాటాక మనం అడిగినప్పుడు తెలుస్తుంది. అప్పుడు సరిచేసిన బిల్లు ఇస్తే, గడువు ఆ కొత్త బిల్లు అందిన తేదీనుంచి మళ్లీ మొదలవుతుంది. అన్నీ సరిగ్గా ఉన్నా, చెల్లింపులు నెలకు ఒకే రోజున చేసే అలవాటు ఉన్నచోట ఆ తేదీ ఒక్క రోజు తప్పితే మరో నెల ఆగాలి.

ఇందులో దురుద్దేశం అన్నిసార్లూ ఉండదు. కానీ ఫలితం ఒక్కటే. మన ఊహా సంస్థకు 60 రోజులు 90 అయితే, తొలి వసూలుకు ముందు బయట ఉండే డబ్బు 2 లక్షల 40 వేలనుంచి 3 లక్షల 20 వేలకు పెరుగుతుంది. సున్నాకు చేరేది పదో నెలలో కాదు, పదిహేనో నెలలో. అటువైపు ఒక బల్ల మీదినుంచి మరో బల్ల మీదికి కాగితం కదలకపోవడం వల్ల ఇటువైపు ఐదు నెలలు పోయాయి. ఆ ఐదు నెలలూ ఈ చిన్న సంస్థ ఆ పెద్ద సంస్థకు వడ్డీ లేని అప్పు ఇచ్చినట్టే. తాను మాత్రం వడ్డీకి తెచ్చి.

దీనికి చట్టాలు లేవా అంటే ఉన్నాయి. బ్రిటన్‌లో 1998నాటి చట్టం ఆలస్యమైన వాణిజ్య బాకీల మీద కేంద్ర బ్యాంకు మూల రేటుకు పైన 8 శాతం వడ్డీ అడిగే హక్కు ఇచ్చింది. ఐరోపా సమాఖ్య 2011లో ఇచ్చిన ఆదేశం ప్రకారం ప్రభుత్వ సంస్థలు సాధారణంగా 30 రోజుల్లో చెల్లించాలి, వ్యాపార సంస్థల మధ్య గడువు, వేరుగా స్పష్టమైన ఒప్పందం ఉంటే తప్ప, 60 రోజులు దాటకూడదు. భారతదేశంలో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం 2006లో వచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఇవ్వవలసిన బాకీని, ఒప్పందంలో ఏమి రాసుకున్నా, 45 రోజులకు మించి ఆపడానికి దాని ప్రకారం వీల్లేదు. ఆపితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. చదవడానికి ఎంత గట్టిగా ఉందో చూడండి.

కానీ ఈ హక్కును ఎవరిమీద వాడాలి? తొలి రోజుల్లో ఉన్న ఇద్దరు ముగ్గురు ఖాతాదారుల్లో ఒకరి మీద. రాబడిలో సగం ఇచ్చే ఖాతాదారుకు వడ్డీ నోటీసు పంపగలిగిన స్థితికి చేరుకున్న వ్యాపారికి అసలు ఆ నోటీసు అవసరం ఉండదు. ఆ బాకీ అందక విలవిలలాడేవారికి నోటీసు పంపే ధైర్యం ఉండదు. చట్టాలు వృథా అనడం లేదు. ముందుగానే ఒప్పందంలో గడువు తక్కువగా రాయించుకోవడానికి, ‘చట్టం ఇంతకుమించి ఒప్పుకోదు కదా’ అని మర్యాదగా అనడానికి అవి ఎంతో ఉపయోగపడతాయి. తగవు వచ్చాక కంటే ఆర్డరు తీసుకునే రోజునే చట్టానికి బలం ఎక్కువ అన్నది నేను చూసినంతలో నిజం.

చట్టం కంటే నమ్మకంగా పనిచేసేది అడ్వాన్సు. అదే సంస్థ ఆర్డరుతోపాటు సగం సొమ్ము ముందుగా తీసుకుని, మిగతా సగాన్ని 60 రోజుల గడువుకు వదిలిందనుకుందాం. మొదటి నెల లోటు 30 వేలు, రెండో నెల 60 వేలు, మూడో నెల 90 వేలు. అంతకంటే లోతుకు పోదు. ఐదో నెల చివరికి సున్నా అవుతుంది. 2 లక్షల 40 వేల గొయ్యి 90 వేలకు తగ్గింది, పది నెలలు ఐదయ్యాయి. ధర పైసా పెరగలేదు, ఖర్చు పైసా తగ్గలేదు. అడ్వాన్సు అడిగితే ఆర్డరు పోతుందేమోనన్న భయం సహజమే. కొన్నిసార్లు పోతుంది కూడా. అయితే అడ్వాన్సు సంగతి ఎత్తగానే మాట దాటవేసే కొనుగోలుదారు చివర్లో మొత్తం సొమ్ము సకాలంలో ఇస్తారని నమ్మడానికి ఆధారం ఏముంది? ముందుగా కొంత ఇచ్చినవారికి సరుకు మీద, గడువు మీద కూడా శ్రద్ధ ఉంటుంది. పూర్తి సగం రాకపోయినా కనీసం ముడిసరుకు మందమైనా రాబట్టుకోవాలి.

రెండో దారి ముడిసరుకు ఇచ్చేవారి దగ్గర పరపతి సంపాదించుకోవడం. ఇది మొదటి రోజున కుదరదు. మూడు నాలుగు నెలలు చెప్పిన రోజుకు చెప్పినట్టు రొక్కం ఇచ్చినవారికి అయిదో నెలలో 30 రోజుల అరువు అడిగే యోగ్యత వస్తుంది. పైన వేసిన లెక్కలో ఆ ఒక్క నెల అరువు 50 వేల భారాన్ని దించుతుంది. ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. తమకు రావలసింది రాలేదన్న సాకుతో తమకంటే చిన్నవారి బాకీ ఆపే అలవాటు చాలా తేలికగా పట్టుకుంటుంది. పైనుంచి మొదలైన ఆలస్యం అలా ఒక్కొక్క మెట్టూ దిగి, చివరికి రోజుకూలీ దగ్గర ఆగుతుంది. వారి తరవాత దాన్ని నెట్టడానికి ఎవరూ ఉండరు.

పన్ను సంగతి క్లుప్తంగా చెబుతాను. బిల్లులో ధరతోపాటు వసూలు చేసే అమ్మకపు పన్ను యజమానిది కాదు, ప్రభుత్వానికి చేర్చవలసినది. ఖాతాలో అది కూడా కలిసి కనిపించడం వల్ల చేతిలో డబ్బు ఉందన్న భ్రమ కలుగుతుంది. చాలాచోట్ల పన్ను కట్టవలసిన బాధ్యత బిల్లు రాసిన తేదీతోనే మొదలవుతుంది, డబ్బు వచ్చిందా లేదా అన్నదానితో పని లేదు. రాని డబ్బు మీద పన్ను ముందే కట్టవలసి రావడం కొత్తవారికి మింగుడుపడని విషయం. ఆ భాగాన్ని వచ్చిన రోజే వేరే ఖాతాలో పడేయడం తప్ప నాకు తెలిసి మరో ఉపాయం లేదు.

నా దగ్గరికి వచ్చే కొత్తవారికి నేను పెద్ద పుస్తకాలేవీ ఇవ్వను. ఒక అడ్డపు కాగితం మీద రాబోయే 13 వారాలకు 13 నిలువు గళ్లు గీయిస్తాను. పైవరసలో ఆ వారం మొదట చేతిలో ఉన్న రొక్కం, దాని కింద ఎవరెవరు ఎంత ఇస్తామన్నారు, దాని కింద ఎవరెవరికి ఎంత ఇవ్వాలి, అట్టడుగున మిగిలేది. ఇస్తామన్నవారి పేరు పక్కన రెండు తేదీలు రాయమంటాను: వారు చెప్పిన తేదీ ఒకటి, నిజంగా వచ్చిన తేదీ ఒకటి. రెండో తేదీని వేరే రంగు సిరాతో రాస్తే మంచిది. కొన్ని నెలలు గడిచేసరికి ఏ ఖాతాదారు మాటకు ఎన్ని రోజులు కలిపి చదువుకోవాలో ఆ కాగితమే చెబుతుంది. అడుగు వరసలో, ఉదాహరణకు ఏడో వారం గడిలో, సున్నా కంటే తక్కువ కనిపిస్తే, అది ఏడు వారాల ముందే కనిపిస్తుంది కాబట్టి, వసూలుకు తిరగడానికో, ఒక కొనుగోలు వాయిదా వేయడానికో, బ్యాంకుతో మాట్లాడటానికో వ్యవధి ఉంటుంది. అవసరం పడ్డ రోజున అప్పు అడిగేవారికంటే ఏడు వారాల ముందు కాగితం చూపించి అడిగేవారిని బ్యాంకువారు వేరుగా చూస్తారు.

ఆ రెండో తేదీ గడిని నింపడానికే చాలామంది ఇష్టపడరు. తమ ఖాతాదారు ప్రతిసారీ ఇరవై రోజులు ఆలస్యం చేస్తున్నారని రాతపూర్వకంగా చూసుకోవడం వారికి ఇబ్బందిగా ఉంటుంది కాబోలు. చాలా మంచివాళ్లండీ, ఎప్పుడూ ఎగ్గొట్టలేదు అంటారు. ఎగ్గొట్టకపోవడం వేరు, సకాలంలో ఇవ్వడం వేరు. 18వ శతాబ్దపు ఆర్థికవేత్త రిచర్డ్ కాంటిలాన్, ఆయన మరణించాక 1755లో అచ్చయిన రచనలో, తెలిసిన ధరకు కొని, ఎంత వస్తుందో తెలియని ధరకు అమ్మేవారిగా వ్యాపారులను వర్ణించాడు. మన కాలపు చిన్న వ్యాపారికి ధర చాలావరకు ముందే తెలుస్తోంది. తెలియనిది తేదీ. ఆ అనిశ్చితి ఎంతో కొంత కొలతకు అందాలంటే ఆ గడి నిండాలి.

సంపాదకులకు నా విన్నపం ఇదీ. ఇకమీదట కొత్త వ్యాపారుల గురించి రాసేటప్పుడు మీ విలేఖరులు మరో నాలుగు ప్రశ్నలు అడగాలి. మొదటి బిల్లు డబ్బు ఎన్ని రోజులకు వచ్చింది? అది వచ్చేలోపల అత్యధికంగా ఎంత సొమ్ము బయట ఉంది, అది ఎక్కడినుంచి తెచ్చారు? మీకంటూ జీతం ఏ నెలనుంచి తీసుకున్నారు? మొదటి ఏడాదిలో ఏ ఆర్డరును వద్దన్నారు? ఈ జవాబులు టర్నోవరు అంకె కంటే పాఠకులకు ఎక్కువ పనికివస్తాయి. వీలైతే మూతపడిన వ్యాపారాల యజమానులను కూడా, వారు ఒప్పుకుంటేనే, పేర్లు లేకుండా పలకరించండి; వారి దగ్గర లెక్క మరింత స్పష్టంగా ఉంటుంది.

మరో చిన్న మాట. పత్రికలు కూడా కొనుగోలుదారులే. ఫోటోలు తీసేవారు, అనువాదాలు చేసేవారు, రవాణా చూసేవారు, యంత్రాలు మరమ్మతు చేసేవారు, ఇలా ఎందరో చిన్నవారు ఏ పత్రికకైనా బిల్లులు పంపుతూ ఉంటారు. అలాంటి బిల్లులను మీ కార్యాలయం సగటున ఎన్ని రోజుల్లో చెల్లిస్తోందో ఆ సంఖ్యను ఏడాదికోసారి మీ వాణిజ్య పేజీలో అచ్చు వేయవలసిందిగా కోరుతున్నాను. అది 30 కంటే తక్కువైతే మిగతా పెద్ద సంస్థలను కూడా అదే ప్రశ్న అడిగే హక్కు మీకు ఉంటుంది. ఎక్కువైతే, ముందు దాన్ని తగ్గించి ఆ తరవాతే అడగండి.

భవదీయ,
చిన్న వ్యాపారాల జమాఖర్చులు రాసే ఒక పాఠకుడు